తొమ్మిది రోజులు, రెండు పళ్లు

మొదటి రోజు, శనివారం, అక్టోబరు 18

పళ్లూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు కదా. బాగుచేయించుకోడానికి మాత్రం ఊరు చూసి వెళ్లాలి అని మా బావ వాదన. రెండేళ్ల క్రితం బుడాపెస్ట్‌లో నాలుగు క్యాపులు వేయించుకొచ్చిన దగ్గర్నుంచి ఆయనకి ఆ ఊరు పుట్టిల్లయింది. వాటి గ్యారంటీ నిలవాలంటే ఏడాదికోసారి అదే క్లినిక్‌లో చూపించుకోవాలట. ఆ వంకతో ఈసారి నన్నూ లాక్కొచ్చాడు.

నా బాధ కుడివైపు కింది దవడ పన్నుది. పదిహేనేళ్ల నాటి వెండి ఫిల్లింగ్ ఉంది అందులో. వేసవి నుంచీ గట్టిది ఏదైనా కొరికితే చురుక్కుమనేది. కొరికినప్పుడు ఏమీ ఉండేది కాదు, కొరికి వదిలినప్పుడు వచ్చేది ఆ చురుకు. డబ్లిన్‌లో చూపిస్తే పన్ను బీటలిచ్చి ఉండొచ్చన్నారు, పక్క పన్నులో కూడా పాత ఫిల్లింగ్ అంచు లేచిందన్నారు. ఆ తర్వాత ఖర్చు చెప్పారు. దాంతో పన్నుతోపాటు మనసూ చురుక్కుమంది.

రెండు క్లినిక్‌లకి దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే పంపాను. ఒకాయన పూట తిరక్కుండా జవాబిచ్చాడు: నాలుగు పళ్లకి క్యాపులు, మూడే రోజుల పని, హోటల్ కూడా మేమే చూస్తాం. ఇంకొక చోట నుంచి రెండు రోజులకి వచ్చింది జవాబు. ఈ ఎక్స్‌రేతో ఏదీ తేలదు, నోరు చూశాకే ఇన్‌లేనో, ఆన్‌లేనో, క్యాపో చెప్పగలం, కనీసం ఐదు పనిరోజులు ఉంచుకుని రండి, పైన ఒకటి రెండు రోజులు అదనంగా ఉంటే మరీ మంచిది అని.

"బావా, వీళ్లకేమీ తెలిసినట్టు లేదే" అన్నాను.

"తెలీదని రాసినవాడి దగ్గరికే వెళ్లరా" అన్నాడు.

ఐర్లండ్‌లో ఉంటున్నా భారత పాస్‌పోర్టు కాబట్టి మాకు షెంగెన్ వీసా కావాలి. దాని కాగితాలతో క్లినిక్ ఇచ్చిన అపాయింట్‌మెంట్ ఉత్తరం కూడా జత చేశాం. మూడు గంటల ప్రయాణం. విమానాశ్రయం నుంచి 100ఈ బస్సెక్కి దేయాక్ ఫెరెన్స్ తేర్ దగ్గర దిగేసరికి చీకటి పడింది. హోటల్‌కి నడిచేలోపే "ఫోగాసత్" అన్న బోర్డులు మూడు కనబడ్డాయి. ఫోగ్ అంటే పన్ను, ఫోగోర్వోష్ అంటే పళ్ల డాక్టరు. హంగేరియన్‌లో నేను నేర్చుకున్న మొదటి మాటలు ఇవే.

రెండో రోజు, ఆదివారం

పని లేదు. రెండో నంబరు ట్రామెక్కి డాన్యూబ్ ఒడ్డున అటూ ఇటూ తిరిగాం. బావ పార్లమెంటు భవనాన్ని తనే కట్టించినట్టు చూపించాడు. నేను ఎడమవైపే నములుతూ గడిపాను.

మూడో రోజు, సోమవారం

క్లినిక్ ఒక పాత అపార్ట్‌మెంట్ మేడలో రెండో అంతస్తు. తలుపు తీస్తే లోపలంతా కొత్త. డాక్టరమ్మకి నలభై ఏళ్లుంటాయి, ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. కుర్చీలో కూచోబెట్టాక ముందు అరగంట ఏ పనిముట్టూ నోట్లో పెట్టలేదు, అడుగుతూనే ఉంది. చల్లదనానికా వేడికా, కొరికితేనా వదిలితేనా, రాత్రుళ్లు పళ్లు కొరుకుతారా, ఎన్నాళ్లుగా.

తర్వాత పరీక్షలు. చిన్న ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంది, పన్ను మీద ఒక్క మొనకే తగిలేలా పెట్టి కొరకమంటుంది. ఒక్కో మొనా మార్చుకుంటూ వచ్చింది. మొదటి మూడు చోట్లా ఏమీ లేదు. నాలుగో చోట కొరికి వదలగానే కుర్చీలోంచి లేవబోయాను. "దొరికింది" అని మాత్రం అంది. ఆ తర్వాత సన్నని లైటు పన్నుకి ఆనించి అద్దంలో చూపించింది. పన్నంతా దీపం పెట్టిన గుడ్డులా వెలిగింది కానీ నాలుక వైపు ఒక మూల మాత్రం చీకటిగా ఉండిపోయింది. బీట అడ్డొచ్చి వెలుగు అవతలికి వెళ్లడం లేదన్నమాట.

ఇక్కడ పళ్లకి పేర్లు లేవు, నంబర్లే. నోటిని నాలుగు భాగాలు చేసి మొదటి అంకె భాగానికి, రెండోది ముందు నుంచి వెనక్కి లెక్కపెడితే వచ్చే పన్నుకి. నా బీటల పన్ను 46, దాని వెనకది 47. ఎడమవైపున్న 36కీ పాత ఫిల్లింగ్ ఉంది. మొదటి క్లినిక్‌వాళ్లు దానికీ క్యాప్ రాశారు. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, అంచులు తడిమి, "బాగానే ఉంది, ముట్టుకోను" అంది. పైనున్న నాలుగోదీ అంతే. క్యాప్ వెయ్యాలంటే పన్ను చుట్టూ చెక్కాలి, చెక్కింది మళ్లీ మొలవదు కదా అని అడక్కుండానే చెప్పింది.

ఇన్‌లే, ఆన్‌లే, క్యాప్ తేడా నాకు అప్పటికి గానీ సరిగ్గా తలకెక్కలేదు. నాకు అర్థమైనట్టు చెప్తాను. పన్ను నడుమ గుంట మాత్రమే పూడ్చాలి, చుట్టూ మొనలన్నీ గట్టిగా ఉన్నాయి అంటే, ఆ గుంటకి సరిపోయే ముక్క బయట తయారుచేసి తెచ్చి అతికించేది ఇన్‌లే. ఒకటో రెండో మొనలు కూడా బలహీనపడితే వాటిని కాస్త దించి, గుంటనీ మొనలనీ కలిపి కప్పేది ఆన్‌లే. చుట్టూ చెక్కి టోపీలా తొడిగేది క్యాప్. మామూలు ఫిల్లింగ్ పంటిలోనే మెత్తగా నింపి గట్టిపరుస్తారు. ఇవి మాత్రం బయట ముందే గట్టిపడి వస్తాయి. నాకు 46కి ఆన్‌లే, 47కి ఇన్‌లే.

పాత వెండి ఫిల్లింగే మళ్లీ వెయ్యమంటే అని బావ అడిగాడు. కుదరదట. ఆ వెండి అనేదాంట్లో సగం పాదరసమే. యూరోపియన్ యూనియన్‌లో 2025 జనవరి 1 నుంచి, తప్పనిసరి వైద్య కారణం ఉంటే తప్ప, అది వాడడం లేదు. మిగిలినవి రెండు దారులు, బంగారం, పింగాణీ. వెనక పళ్లకి బంగారం ఇప్పటికీ మంచిదేనని డాక్టరమ్మ అభిప్రాయం. ఎదుటి పన్నుని అరగదియ్యదు, పల్చగా ఉన్నా విరగదు. "వేయించుకోరా, కష్టకాలంలో తాకట్టు పెట్టుకోవచ్చు" అన్నాడు బావ. నేను పింగాణీకే మొగ్గాను. బంగారం అక్కర్లేదనే నిబ్బరం ఏమీ కాదు, నవ్వితే కనిపిస్తుందేమోనన్న మొహమాటం.

ఇన్‌లేని వీళ్లు "బెతేత్" అంటారట. బ్యాంకులో వేసే డిపాజిట్‌కీ అదే మాట. యూరోల్లో రాసిచ్చిన అంచనా కాగితం చూశాక ఆ పోలిక మరీ అన్యాయమనిపించలేదు.

నాలుగో రోజు, మంగళవారం

రెండు గంటల ఇరవై నిమిషాలు కుర్చీలో ఉన్నాను. రెండు పళ్లూ ఒకే వైపు, పక్కపక్కనే కాబట్టి ఒకే మత్తు సరిపోయింది. కింది దవడ వెనక పళ్లకి మత్తు పంటి దగ్గర ఇస్తే సరిపోదు, దవడ వెనక మూలలో నరం ఎముకలోకి దిగే చోట ఇస్తారు. సూది బాధ పెద్దగా లేదు. పది నిమిషాలకి పెదవి సగం పరాయిదైపోయింది, నాలుక కూడా సగం.

తర్వాత పచ్చటి రబ్బరు గుడ్డ ఒకటి నోటికి అడ్డంగా బిగించారు. దానికి రెండు చిల్లులు, ఆ చిల్లుల్లోంచి పైకి తేలిన నా రెండు పళ్లు. ఉమ్మి తగలకుండా, పాత ఫిల్లింగ్ పొడి గొంతులోకి పోకుండా. డ్యామ్ అంటారు దీన్ని, నిజంగా ఆనకట్టే. 1864లో అమెరికా దంతవైద్యుడొకాయన కనిపెట్టాడు, ఇప్పటికీ అంతకంటే మంచిది రాలేదని డాక్టరమ్మ అంటుంది. నోరు మెదపడానికి లేకపోవడం వల్ల ఆమె చెప్పిందంతా బుద్ధిగా విన్నాను.

డ్రిల్ మోతకంటే నీళ్ల చప్పుడే ఎక్కువ. పాత ఫిల్లింగ్ ముక్కలుగా ఊడొచ్చింది. మధ్యలో ఆపి కెమెరా పెట్టి తెర మీద చూపించింది. ఎన్నో రెట్లు పెద్దది చేసిన నా పన్ను. లోపల గోడ అడుగున జుట్టు వెంట్రుకలాంటి గీత ఒకటి, మట్టి కుండ నెర్రె ఇచ్చినట్టు, పక్కకి పోయి నాలుక వైపు మొన కింద మాయమైంది. పదిహేనేళ్లుగా నేను ఎన్ని కొరికానో అన్నీ ఆ గీత మీద రాసి ఉన్నట్టనిపించింది. గీత పంటి నరాలుండే గుజ్జు గది దాకా పోలేదు కాబట్టి రూట్ కెనాల్ తప్పింది. ఆ మొనని రెండు మిల్లీమీటర్లు దించింది. పింగాణీకి అంత మందం లేకపోతే నిలవదట.

కొలత తీసుకోవడం ఇదివరకులా ట్రేలో ముద్ద పెట్టి నోట్లో కుక్కడం కాదు. లావాటి పెన్నులాంటి కెమెరాని పళ్ల మీదుగా తిప్పితే తెర మీద దవడ తయారైపోయింది. రంగు చూడడానికి పదహారు పళ్ల నమూనాలున్న పలక తెచ్చి నా పంటి పక్కన పెట్టి చూసింది. మత్తు ఇవ్వకముందే, పళ్లు తడారకముందే చేసింది ఆ పని. ఎండితే పన్ను తెల్లబడి రంగు తప్పుగా చూపిస్తుందట. నాది ఏ3. టీ తాగేవాళ్ల రంగు అని బావ వ్యాఖ్య.

చివర్లో తాత్కాలికంగా మెత్తటి పూత ఒకటి వేసింది. జాగ్రత్తలు: అటువైపు నమలొద్దు, జిగురుగా ఉండేవి అసలొద్దు, దారంతో శుభ్రం చేసుకుంటే పైకి లాగకుండా పక్కకి లాగాలి. గురువారం జాతీయ సెలవు, క్లినిక్ ఉండదు, శుక్రవారం పదింటికి రావాలి.

బయటికొచ్చాక డాన్యూబ్ మీద చైన్ బ్రిడ్జి దాకా నడిచాం. 1849లో తెరిచిన వంతెన ఇది. రెండు చివర్లా రెండేసి రాతి సింహాలున్నాయి, నోళ్లు తెరుచుకుని. వాటి గురించి ఇక్కడ ఒక కథ చెప్పుకుంటారు. సింహాలు పెట్టిన రోజున ఒక కుర్రాడు "వీటికి నాలుకలు లేవు" అని అరిచాడట, జనం నవ్వారట, చెక్కిన శిల్పి అవమానం తట్టుకోలేక నదిలో దూకాడట. అంతా కట్టుకథే. నాలుకలున్నాయి, కింద నుంచి చూస్తే కనబడవు అంతే. సగం నాలుక తెలియకుండా నిలబడి నేను ఆ సింహాన్ని చాలాసేపు చూశాను. నోరు తెరిచి ఉంది, లోపల ఏముందో దానికే తెలియాలి. బావకి ఏదో చెప్పబోతే "హింహం" అని వచ్చింది. ఆయన రాత్రి దాకా ఆ మాటే పట్టుకున్నాడు.

భోజనానికి ఫోజెలేక్ దొరికింది. కూరగాయని ఉడికించి చిక్కగా చేసే వంట, గుమ్మడి జాతి కాయతో చేసింది. నమలక్కర్లేదు. మత్తు పూర్తిగా దిగేదాకా ఆగి తిన్నాను, లేకపోతే చెంప కొరుక్కున్నా తెలియదు.

ఐదో రోజు, బుధవారం

మత్తు దిగాక రాత్రి కొంచెం సలుపు. పొద్దునకి తగ్గింది. చల్లటి గాలి పీలిస్తే మాత్రం జివ్వుమంటోంది, పూత కింద పన్ను కోసి ఉంది కదా.

సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు పేరున్న మ్యూజియం చూశాం. ఆయన 1818లో పుట్టిన ఇల్లే మ్యూజియం చేశారు, బుడా కొండ కింద. వియన్నా ఆసుపత్రిలో బాలింతలు జ్వరంతో ఎందుకు చనిపోతున్నారో అంతుబట్టని రోజుల్లో, శవాలు కోసిన చేతులతోనే డాక్టర్లు కాన్పులు చేస్తున్నారని పట్టుకున్నది ఈయన. 1847 మే నెలలో సున్నపు క్లోరిన్ నీళ్లతో చేతులు కడగమని కట్టడి చేశాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోయిన వార్డులో జూన్‌కి ఆ లెక్క రెండుకి దిగింది. తోటి డాక్టర్లకి మాత్రం మా చేతులు మురికివా అన్న కోపమే మిగిలింది. 1865లో పిచ్చాసుపత్రిలో, గాయం చీముపట్టి, 47 ఏళ్లకే పోయాడు. ముందు వియన్నాలో పాతిపెట్టారు గానీ, ఆయన అస్థికలు ఇప్పుడు ఉన్నది ఈ ఇంటి పెరట్లోనే.

క్లినిక్‌లో డాక్టరమ్మ మూడుసార్లు గ్లవ్స్ మార్చడం చూసి లోపల విసుక్కున్నవాణ్ణి నేను. అక్కడ నిలబడి కాస్త సిగ్గుపడ్డాను.

పాత పళ్ల పనిముట్ల గది ముందు బావ ఒక్క నిమిషం కూడా నిలబడలేదు.

ఆరో రోజు, గురువారం, అక్టోబరు 23

కమ్యూనిస్టు పాలన మీద 1956 తిరుగుబాటు మొదలైన రోజు ఇది. ఊరంతా జెండాలు, ఎక్కడ చూసినా ఊరేగింపులు. కొన్ని జెండాలకి మధ్యలో గుండ్రటి చిల్లు. అప్పట్లో జనం కమ్యూనిస్టు ముద్రని కత్తిరించి పారేస్తే మిగిలిన చిల్లు అది, ఇప్పుడు అదే గుర్తు. అలాంటి జెండా ఒకటి గాలికి ఊగుతుంటే అందులోంచి అవతలి మేడ కిటికీ కనిపించింది.

మధ్యాహ్నం నేను చేసిన ఘనకార్యం చెప్తాను. క్యుర్తోష్‌కలాచ్ అని ఇక్కడ ఒక తీపి వంటకం ఉంది. పిండిని కర్రకి తాడులా చుట్టి, చక్కెర అద్ది నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చక్కెర కరిగి పైన పెంకు కడుతుంది. వీధి మొదట్లోకి వెళ్లగానే ఆ వాసన పట్టుకుంటుంది. ఎడమవైపే తింటాను కదా అనుకున్నాను. తిన్నాను కూడా. కానీ నాలుకకి ఎడమ కుడి తెలియవు. పాకం ముక్క ఒకటి కుడివైపుకి దొర్లింది, దవడ అలవాటుగా మూసుకుంది, తెరిచేసరికి పాకంతోపాటు 46 మీది పూత ఊడి చేతిలోకొచ్చింది.

గాలి తగలగానే ప్రాణం విలవిల్లాడింది. క్లినిక్ మూసి ఉంది. అంచనా కాగితం అడుగున రాసిన అత్యవసర నంబరుకి ఫోన్ చేస్తే మూడో రింగుకే ఎత్తారు. ఒక్క రాత్రికి ఏమీ కాదు, గోరువెచ్చటి నీళ్లతో పుక్కిలించండి, అటువైపు ఏదీ తగలనివ్వకండి, మీ అంతట మీరు మందుల షాపులో దొరికే సిమెంటు మాత్రం పెట్టుకోవద్దు అన్నారు. లవంగ నూనె ఉన్న సిమెంటు అయితే రేపటి జిగురు సరిగ్గా పట్టదట. నేను అప్పటికే లవంగాలు ఎక్కడ దొరుకుతాయా అని వెతుకుతున్నాను!

చిల్లు జెండాల ఊళ్లో చిల్లు పన్నుతో పడుకున్నాను.

ఏడో రోజు, శుక్రవారం

వచ్చిన అసలు పని ఈ రోజుదే.

పది నిమిషాలు ముందే వెళితే ల్యాబ్ చూస్తారా అంది రిసెప్షన్‌లో అమ్మాయి. వెనక గదిలోనే ఉంది ల్యాబ్. టెక్నీషియన్ చిన్న ట్రేలో నా రెండు ముక్కలూ చూపించాడు. గుండె ఝల్లుమంది. రెండూ వంకాయ రంగులో ఉన్నాయి! ఏ3 అని కదా చెప్పారు, ఎవరిదో తెచ్చారనుకున్నాను. అతనికి ఇది అలవాటే అనుకుంటా, నవ్వి కొలిమి చూపించాడు. లిథియం డైసిలికేట్ అనే ఈ పింగాణీ దిమ్మ, మిషన్ చెక్కడానికి వీలుగా మెత్తగా ఉన్నప్పుడు ఊదారంగులో ఉంటుంది. చెక్కాక 840 డిగ్రీల దాకా కాలిస్తే లోపలి స్ఫటికాలు పెరిగి గట్టిపడుతుంది, రంగు కూడా మారుతుంది. అరచేతిలో పెట్టాడు. మినపగింజంత ఇన్‌లే, బొబ్బరిగింజంత ఆన్‌లే. ఆన్‌లే మీద గుంటలు, గట్లు, పక్కన చిన్న గాడి, అచ్చం పన్నే. నా పన్ను మొదట వచ్చినప్పుడు ఎలా ఉండేదో నాకు గుర్తులేదు. కొలతలు చూసి కంప్యూటరు చెప్పింది.

ఇలా కంప్యూటరుతో కొలిచి మిషన్‌తో చెక్కి పంట్లో పెట్టడం 1985లో జ్యూరిక్ యూనివర్సిటీలో మొదలైంది. అప్పుడు మొట్టమొదట చేసింది కూడా ఇన్‌లేనే. మిషనుంటే మంగళవారమే పెట్టెయ్యొచ్చుగా అని అడిగాను. ఒక్క రోజులో చేసే క్లినిక్‌లు ఉన్నాయి, తప్పేమీ లేదు. వీళ్లు కాల్చాక మీద రంగులు దిద్ది, మరోసారి కాల్చి, కొలత మీద సరిచూసుకోడానికి రెండు రోజులు తీసుకుంటారు. పైగా మధ్యలో సెలవొచ్చింది.

మళ్లీ మత్తు, మళ్లీ ఆనకట్ట. ముందు ముక్కల్ని ఊరికే పెట్టి చూసింది, పక్క పళ్ల మధ్య దారం బిగువుగా దిగుతోందా అని. "ఇప్పుడు కొరకొద్దు" అని రెండుసార్లు హెచ్చరించింది. అతికించక ముందు ఈ పింగాణీ గాజులాంటిది, కొరికితే పగుల్తుంది. పంటికి అతుక్కున్నాక బలం వస్తుంది.

అతికించడమంటే సిమెంటు రాసి నొక్కడమే అనుకునేవాణ్ణి. పూజ తంతులా సాగింది. పింగాణీ లోపలివైపు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఇరవై సెకన్లు, అది వేరే బల్ల మీద, నా నోటికి దూరంగా. కడిగి ఆరబెట్టి, జిగురు పట్టడానికి సైలేన్ పూత. ఇటు నా పంటికి ఫాస్ఫారిక్ ఆమ్లం, నీలం రంగు జెల్. పంటిని ఇలా ఆమ్లంతో గరుకు చేస్తే జిగురు బాగా పడుతుందని 1955లో బునోకోర్ అనే ఆయన చూపించకపోతే ఈ పింగాణీ ముక్కలు నిలిచేవే కావు. కడగడం, ఆరబెట్టడం, బాండింగ్ ద్రవం, ఆపై రెజిన్, అంటే అసలు జిగురు. ముక్కని దించి వేలితో నొక్కి పట్టుకుంది, అంచుల చుట్టూ పొంగిన రెజిన్‌ని బ్రష్‌తో తుడిచింది, దారంతో సందులు శుభ్రం చేసింది, నీలం లైటు అన్ని వైపుల నుంచీ. చివర్లో అంచుల మీద గ్లిజరిన్ జెల్ రాసి మళ్లీ లైటు. గాలి తగిలితే పైపొర సరిగ్గా గట్టిపడదట. ఇవన్నీ ఎందుకని అడగలేని స్థితిలో ఉన్నా, నర్సుకి నేర్పుతున్నట్టు ఆమె ప్రతిదీ పైకి చెప్తూనే చేసింది. ఉమ్మి చుక్క ఒక్కటి తగిలినా మొదటికొస్తుంది. పచ్చ రబ్బరు గుడ్డ మీద నాకున్న కోపం అక్కడితో పోయింది.

ఆనకట్ట తీశాక ఎర్ర కాగితం పళ్ల మధ్య పెట్టి టక్ టక్ కొరకమంది. రంగు అంటిన చోట చిన్న డ్రిల్‌తో అరగదీసింది. మళ్లీ కాగితం. మూడు సార్లయ్యాక "ఎలా ఉంది" అంది. సగం మొహం లేని మనిషి ఏం చెప్తాడు? బాగుందన్నాను.

"రేపు పొద్దున పదకొండుకి రండి. అప్పుడు చెప్పండి, బాగుందో లేదో" అంది.

ఎనిమిదో రోజు, శనివారం

బాగాలేదు. మత్తు దిగాక రాత్రే తెలిసింది, పళ్లు మూస్తే ముందు ఆన్‌లే తగిలి తర్వాత మిగతావి తగులుతున్నాయి. అన్నంలో రాయి ఎప్పటికీ పోనట్టు. నాలుక ఆపకుండా అక్కడికే పోతోంది.

పొద్దున మత్తు లేకుండా కాగితం పెట్టి, దవడని పక్కలకి జరిపించి చూసింది. నేరుగా కొరికితే సరిగ్గానే ఉంది, పక్కకి జరిపినప్పుడు మొన ఒకటి రాసుకుంటోంది. నిన్న కుర్చీలో వెల్లకిలా పడుకుని, తిమ్మిరి పట్టిన దవడతో నేను సరిగ్గా జరపలేకపోయాను. ఐదు నిమిషాల పని. అరగదీసి, పాలిష్ చేసి, మళ్లీ చూసింది. లేచి నిలబడి పళ్లు మూశాను. రాయి లేదు.

బావ చెప్పాడు అప్పుడు, ఇన్నాళ్లూ చెప్పనిది. మొదటిసారి వచ్చినప్పుడు క్యాపులు అతికించిన సాయంత్రమే విమానం ఎక్కాడట, హోటల్ డబ్బులు మిగుల్తాయని. ఇంటికెళ్లాక ఒకటి ఎత్తుగా తగిలింది. డబ్లిన్‌లో ఒక డాక్టరు, ఇది నేను వేసింది కాదు, ముట్టుకుని పగిలితే నా మీదికొస్తుంది అని చెయ్యి పెట్టలేదు. మూడు వారాలు గంజి తాగి మళ్లీ ఇక్కడికొచ్చాడు.

"అక్కకి చెప్పలేదా బావా?"

"గ్యారంటీ చెకప్ అని చెప్పాను. నువ్వూ అలాగే చెప్పు."

టికెట్లు కొనేటప్పుడు రెండు రోజులు అదనంగా ఉంచమని ఆయన ఎందుకు పట్టుపట్టాడో నాకు ఇప్పుడు తెలిసింది. ఊరు చూపిస్తానన్నాడు గానీ.

తొమ్మిదో రోజు, ఆదివారం

అర్ధరాత్రి దాటాక గడియారాలు ఒక గంట వెనక్కి జరిగాయి. ఆ గంట నిద్ర మాకు బోనసు. పొద్దున్నే సేచెని స్నానాలకి వెళ్లాం. 1913లో కట్టిన పసుపు రంగు గోడల రాజభవనం లాంటిది, నడుమ ఆరుబయట వేడి నీళ్ల కొలను. పైన చలి, నీళ్ల మీద పొగలు, మెడ లోతు నీళ్లలో నిలబడి చదరంగం ఆడుతున్న ముసలివాళ్లు. పన్ను పీకించుకుని ఉంటే ఇలాంటి వేడిలో మునగడానికి కొన్నాళ్లు ఆగాలి. నాకు ఆ బెంగ లేదు.

నిన్న తెచ్చుకున్న కాగితాలు హోటల్లో మరోసారి సరిచూసుకున్నాను: ముందు ఎక్స్‌రేలు, తర్వాత ఎక్స్‌రేలు, పింగాణీ పేరు, దాని బ్యాచ్ నంబరు, రంగు, వాడిన జిగురు పేరు, పళ్ల నంబర్లు, రశీదు. ఐర్లండ్‌లో కొన్ని రకాల పళ్ల వైద్యానికి ఖర్చులో 20 శాతం ఆదాయపు పన్నులోంచి వెనక్కొస్తుంది, దానికి మెడ్ 2 ఫారం మీద డాక్టరమ్మ సంతకం కూడా పెట్టించాను. ఏ పనులకి వస్తుందో ఆ ఫారం వెనకే రాసి ఉంటుంది, మామూలు ఫిల్లింగులకి రాదు.

చల్లటి నీళ్లకి ఇంకా కొంచెం జివ్వుమంటోంది. కొన్ని వారాలు ఉండొచ్చు, రోజురోజుకీ తగ్గాలి, పెరిగితే ఫోన్ చెయ్యమంది. విమానం ఎగిరేటప్పుడు నొప్పి వస్తుందేమోనని లోపల గాబరాపడ్డాను. పన్నులో ఎక్కడైనా గాలి చిక్కుకుని ఉన్నా, గుజ్జు వాచి ఉన్నా పైకెళ్లేకొద్దీ నొప్పి పెడుతుందని చదివాను. ఏమీ కాలేదు. చెవులు మాత్రం మూసుకున్నాయి.

బావ ఎగిరిన పది నిమిషాలకే నోరు తెరుచుకుని నిద్రపోయాడు. కిటికీలోంచి ఎండ సరిగ్గా ఆయన నోట్లో పడుతోంది. వాటిలో ఎన్ని సొంతవి, ఎన్ని హంగేరీవి అని లెక్కపెట్టబోయాను. నాలుగనేగా ఆయన చెప్పింది. ఐదో దాని దగ్గర అనుమానం వచ్చి ముందుకి వంగాను. ఇంతలో ఎయిర్‌హోస్టెస్ బండి తోసుకుంటూ వచ్చి, ఏం కావాలని నన్ను అడిగింది.